నలభై పొయ్యిల బియ్యం

అత్తను శుక్రవారం మట్టి చేసి వచ్చాం. శనివారం పొద్దున ఇల్లు సర్దుదామని వంటింట్లోకి వెళ్లి, గూటి కింద ఎప్పుడూ ఉండే చోటే ఉన్న చిన్న మట్టికుండ మూత తీశాను. అందులో బియ్యం ఉన్నాయి. ఆవిడ పోయింది గురువారం తెల్లవారుజామున. అంతకుముందు ఆదివారం కుండ ఖాళీ చేసి చర్చికి పట్టుకెళ్లి ఉంటుంది కాబట్టి, ఆ మధ్యాహ్నం నుంచి బుధవారం రాత్రి దాకా పూటకొకటి చొప్పున ఎనిమిది పిడికిళ్లు ఉండాలి. మంచం పట్టకుండా, ఎవరి చేతా నీళ్లు తాగించుకోకుండా వెళ్లిపోయిందని వచ్చినవాళ్లంతా అన్నారు. ఆ మాట నిజమని కుండ చూశాక నమ్మాను. పక్కనే కొలిచే తవ్వ ఉంది. ఎన్ని ఉన్నాయో కొలిచి చూద్దామని చెయ్యి వెళ్లింది కానీ, కొలవలేదు. ఆ తవ్వతో ఒకప్పుడు కొలిచాను. దాని సంగతే రాస్తున్నాను.

అత్త అంటే నాన్నకు అక్క. పేరు ఎస్తేరమ్మ. ఆమదాలవలస చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు ప్రభుత్వ నర్సుగా తిరిగి రిటైరైంది. మామయ్య నేను పుట్టకముందే పోయాడు, పిల్లలు లేరు. నాకు ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు వచ్చినప్పుడు, నాన్న లేని ఇంట్లో హాస్టలు ఖర్చు ఎక్కడిదని అమ్మ నన్ను తీసుకొచ్చి అత్త దగ్గర దింపింది. రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను. రెండు గదులు, వెనక వంటిల్లు, దొడ్లో మునగచెట్టు, స్టేషన్‌లో రైలు వస్తే సన్నగా అదిరే కిటికీ రెక్కలు. గ్యాస్ పొయ్యి ఉన్నా నీళ్లు మాత్రం దొడ్లో కట్టెల పొయ్యి మీదే కాచేది. అందుకని ఆవిడ చీరలకు గంజి వాసనతో పాటు పొగ వాసన కూడా ఉండేది. పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, అందులోకి ఉల్లిపాయ ముక్క. మధ్యాహ్నం, రాత్రి అన్నం, చారు, ఆదివారమైతే ఎండుచేపల పులుసు. రిటైరై నాలుగేళ్లయినా నర్సు సంచీని వారానికోసారి ఎండలో పెట్టి, దులిపి, మళ్లీ మేకుకు తగిలించేది. ఎందుకత్తా అని అడిగితే, "ఎలుకలు కొరికేత్తాయే" అనేది. ఎలుకలు ఎందుకు కొరక్కూడదో మాత్రం చెప్పేది కాదు.

పిడికెడు బియ్యం అలవాటు మా చర్చి ఆడవాళ్లందరికీ ఉంది. అది ఎప్పటి నుంచి వస్తోందో ఎవరూ చెప్పలేరు. అన్నానికి బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, ఆ కొలిచిన దాంట్లోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి ప్రభువు కుండలో వెయ్యాలి. డబ్బాలోంచి తియ్యకూడదు, తవ్వలోంచే తియ్యాలి. అంటే ఆ పూట ఆ ఇంట్లో అంత తక్కువ తింటారన్నమాట. అత్త ఆ పిడికెడు తీసేటప్పుడు వంటింట్లో ఎవరైనా ఉంటే, "అటు తిరుగు" అనేది. నేను మొదట్లో నవ్వేదాన్ని.

"బియ్యమే కదత్తా, నేను చూస్తే ఏమవుతుంది?"

"నాకేటీ అవదు. నీకే అవుతాది. ఇయ్యాల నా పిడికిలి సూత్తావు, రేపు పక్కింటిదాని పిడికిలి సూత్తావు. తిరుగు."

తిరిగేదాన్ని. కిటికీలోంచి మునగచెట్టు చూసేదాన్ని. కుండలో బియ్యం పడిన చప్పుడు వినపడేది. అదయ్యాక, "ఆఁ, ఇంక కూరగాయలు తరుగు" అనేది.

ఆదివారం ప్రతి ఇంటి నుంచీ తెల్ల గుడ్డసంచీ ఒకటి చర్చికి వెళ్లేది. అన్నీ ఒకే గుడ్డతో, ఒకే కొలతతో కుట్టినవి. ముందు వరుసలో పెద్ద గంప, దాని మీద దుప్పటి. దుప్పటి కిందకి సంచీతో సహా చెయ్యి పెట్టి లోపలే ఒంపి, ఖాళీ సంచీ మడిచి పట్టుకుని వెనక్కి వచ్చేవారు. ఎవరు ఎంత పోశారో గంపకు తప్ప ఎవరికీ తెలియదు. నలభై ఇళ్ల సంఘం మాది. ఎక్కువమంది కూలి పనివాళ్లు, కొందరు టీచర్లు, ఒకరిద్దరు రైల్వేవాళ్లు. ఆరాధన అయ్యాక ఆ గంపను వేలం వేసేవారు. మా వేలంలో ఒక ఆనవాయితీ ఉంది. పాడుకున్నవాడు డబ్బు కట్టేసి, వస్తువును మళ్లీ ప్రభువుకే ఇచ్చేయవచ్చు. అప్పుడు దాన్ని మళ్లీ పాట పెడతారు. క్రిస్మస్ రోజుల్లో ఒక గుమ్మడికాయ మూడుసార్లు అమ్ముడుపోవడం నేను చూశాను. మామూలు ఆదివారాల్లో మాత్రం అంత ఉత్సాహం ఉండేది కాదు. గేటు బయట మోపెడ్ ఆనుకుని కొట్టు సూరిబాబు కాచుక్కూచునేవాడు. ఆయన మా సంఘం కాదు, కిరాణా వ్యాపారి. కోటా బియ్యం, సన్న బియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ కలిసిన ఆ గంపను ఇడ్లీ హోటలుకు వేసేవాడు. "కలగూరగంప బియ్యం, ఇంతకన్నా ఎవులిత్తారు బావూ" అంటూ ప్రతివారం అదే ధర పాడేవాడు.

మా వీధి చివర సింహాచలం ఉండేది. ఆడమనిషే. మా వైపు ఆ పేరు ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా పెడతారు. వాళ్లు హిందువులు. భర్త అప్పన్న చెన్నైలో మేడ పని చేస్తూ పరంజీ మీంచి పడి నడుం విరిగి ఇంటికొచ్చాడు. కూర్చోగలడు, కాపలా కాయగలడు, బరువు ఎత్తలేడు. ఒక్క కూతురు గౌరి, తొమ్మిదో తరగతి. కోతలు అయిపోగానే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని చెన్నై రైలెక్కించడం మా ప్రాంతంలో ప్రతి ఏడూ జరిగేదే. ఒకసారి అడ్వాన్సు తీసుకుంటే ఇంటిల్లిపాదీ వెళ్లాలి. పిల్ల చదువు అక్కడితో సరి. సింహాచలం భయమంతా అదే. ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో కూర్చుంది. అత్త మునగాకు ఒలుస్తోంది. ఆమె కూడా ఒక కొమ్మ లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది.

"నర్సమ్మ గారూ, మీ గుళ్లో బియ్యం వారం వారం సూరిబాబుకి ఇచ్చేత్తన్నారట గదా."

"ఇత్తన్నాం. ఏటి నీ బాధ?"

"అయి నాకిప్పించండమ్మా. ఊరికినే కాదు. మురీలు సేసి అమ్ముకుని బియ్యానికి బియ్యం తిరిగిచ్చేత్తాను. మా అమ్మ ఇచ్ఛాపురం కాడ మురీలే ఏపేది. నాకొచ్చు."

అత్త ఆ ఆదివారం సంఘ పెద్దల ముందు ఆ మాట పెట్టింది. పెద్దల్లో దేవదానం అని రిటైరైన రైల్వే గ్యాంగ్‌మన్ ఉండేవాడు. అత్తకు వరసకు బావ. చిన్నప్పటి నుంచీ వాళ్లిద్దరికీ పడేది కాదు, ఒకరు లేకుండా ఒకరికి తోచేదీ కాదు.

"దేవుడి బియ్యం అప్పిత్తామేటి ఎస్తేరూ? అదీ మన సంఘం మనిషి కాదు. బాప్తిస్మం లేదు."

"ఆకలికి ఎక్కడిత్తారు బావా బాప్తిస్మం? సెప్పు, నానే తీసుకెళ్లి ముంచి తెత్తాను."

నవ్వినవాళ్లలో పాస్టరు అయ్యగారు కూడా ఉండడంతో మాట అత్త వైపు మొగ్గింది. మూడు వారాల గంప సింహాచలం ఇంటికి వెళ్లింది.

మురీలు, అంటే మరమరాలు, అవలేదు. వేడి ఇసకలో బియ్యం పొయ్యగానే కొన్ని పేలాయి, కొన్ని మాడాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. ఒకే కళ్లం వడ్లు ఒకేలా ఉడకబెట్టి, ఒకేలా ఆరబెడితే తప్ప మురీలు పేలవు. నలభై పొయ్యిల దగ్గర నుంచి వచ్చిన బియ్యం నలభై రకాలు. వాళ్లమ్మ చేసేటప్పుడు వడ్ల దగ్గర నుంచీ ఆవిడ చేతిలోనే ఉండేవి, ఆ సంగతి సింహాచలానికి గుర్తు రాలేదు. పక్కింటి ముసలమ్మ పళ్లెంలో చెయ్యిపెట్టి కలియబెట్టి, "ఇయి మురీలేటే? నా నోట్లో పళ్లలాగున్నాయి. ఒకటుంటే రెండు లేవు" అంది. సింహాచలం ఏడవలేదు. మిగిలిన బియ్యం మాత్రం నానబోసి, ఆరబెట్టి, మర పట్టించింది. పిండయ్యాక ఏ బియ్యం ఏదో తెలియలేదు. అరువు తెచ్చిన గొట్టంతో జంతికలు వత్తింది. వాము ఎక్కువ, కారం తక్కువ. రైల్లో పిల్లలు తింటారని ఆ లెక్క. గౌరి నోట్‌బుక్ కాగితాల్లో పొట్లాలు కట్టింది. మొదటిరోజు విశాఖ వైపు వెళ్లే పాసింజరు వచ్చేసరికే స్టేషన్‌లో గంప ఖాళీ అయింది.

ఆ యేడు మేస్త్రీ వచ్చి వెళ్లిపోయాడు. సింహాచలం వెళ్లలేదు. గౌరి పదో తరగతిలోకి వచ్చింది. ఈ లోపల మరో నలుగురు ఆడవాళ్లు అత్త దగ్గరకు వచ్చారు. ఇద్దరు తోడికోడళ్లు ఇడ్లీలు, ఒకామె పీచు మిఠాయి, పైడమ్మ అనే ఆమె కోళ్లు. బియ్యం అవసరమైనవాళ్లు బియ్యంగానే తీసుకున్నారు, కానివాళ్లు సూరిబాబుకు వేసి డబ్బు చేసుకున్నారు. అత్త పెట్టిన షరతు ఒకటే. వీలైనప్పుడు తెచ్చి, అందరి బియ్యంతో పాటు దుప్పటి కింద గంపలో పొయ్యాలి, తీసుకున్న దాని మీద ఒక పిడికెడు ఎక్కువ. ఎవరు తెచ్చారు, ఎంత తెచ్చారు, ఎవరూ చూడరు.

నేను అప్పుడు ఎం.ఏ. రెండో సంవత్సరం. ప్రాజెక్టు రాయాలి. పేదవాళ్లకు చిన్న అప్పులిచ్చి నిలబెట్టడం గురించి దొరికిన పుస్తకమల్లా చదువుతున్నాను. గుంపుగా హామీ, వారం వారం చెల్లింపు, అందరి ముందు వసూలు, ఇవీ విజయ రహస్యాలని వాటిలో ఉంది. మా వంటింటి పక్కనే అలాంటిది ఒకటి నడుస్తోంది, దానికి లెక్క లేదు, నియమం లేదు. నాకది సిగ్గుగా అనిపించింది. అత్తను కూర్చోబెట్టి చెప్పాను. ప్రతి ఆదివారం ఒక్కొక్కరు ఇన్ని తవ్వలు తేవాలి, అందరి ముందు కొలవాలి, ఒకరు తేలేకపోతే మిగతా నలుగురూ పూడ్చాలి. అలా అయితేనే ఇది నిలబడుతుంది, రేపు బ్యాంకు కూడా నమ్ముతుంది.

అత్త మేకుకున్న నర్సు సంచీ వైపు చూసింది. తర్వాత అంది: "నాను పిల్లల్ని తూసేదాన్ని కదే. పదిమందిలో తూసి, బరువు తక్కువుందని పైకి సదివేదాన్ని. ఆ తల్లి మొకం సిన్నదైపోయేది. మరుసటి నెల పిల్లని తెచ్చేది కాదు. తక్కువున్న పిల్లే రావడం మానేసేది. నా రిజిస్టరు మాత్రం బాగుండేది."

"ఇది వేరు అత్తా."

"వేరేనేమో. సదువుకున్నదానివి. సూద్దాం."

ఆవిడ ఎందుకు ఒప్పుకుందో ఇప్పటికీ నాకు తెలియదు. నా చదువు మీద ఉన్న గౌరవం కావచ్చు. నాకు ప్రాజెక్టు కావాలని తెలిసి కావచ్చు. మరుసటి ఆదివారం నుంచి చర్చి వరండాలో గుడ్డ పరిచి, వంటింటి తవ్వ తీసుకెళ్లి నేనే కొలిచాను. అయిదుగురూ వరసగా కూర్చునేవారు. ఒక్క వారం తప్పలేదు. మా మాస్టారికి చెబితే, "చాలా బాగుంది, దీన్నే ముఖ్యమైన అధ్యాయం చెయ్యి" అన్నారు. నేను రాసుకున్న వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఈ బృందంలో ఇప్పటివరకు ఒక్క గింజ బాకీ లేదు."

ఆ అక్టోబరులో తుపాను వచ్చింది. కొబ్బరిచెట్లు పడ్డాయి, పొలాల్లో నీళ్లు నిలిచాయి. పట్టాలు దెబ్బతిని పాసింజర్లు కొన్నాళ్లు లేవు, వచ్చాక కూడా సరిగ్గా తిరగలేదు. అయినా ఆదివారాల కొలత ఆగలేదు. మూడో ఆదివారం కూడా అయిదుగురి తవ్వలూ నిండాయి. నాకు గర్వంగా అనిపించింది. అత్త వచ్చి గుడ్డ పక్కన కూర్చుని, సింహాచలం పోసిన కుప్పలోంచి నాలుగు గింజలు తీసి వేళ్ల మధ్య నలిపింది. ఒకటి పంటికింద పెట్టింది. ఇంటికి వస్తూ దారిలో అడిగింది.

"సింహాచలం బియ్యం సూసినావేటే?"

"చూశాను. నిండుగా ఉన్నాయి."

"నిండుగా ఉన్నాయి. నూక లేదు, రాయి లేదు. కొత్త బస్తా మూతి ఇప్పిన సన్నబియ్యం. రైళ్లు లేక మూడు వారాలైనాది. జంతికలెవులు కొంటన్నారు?"

"దాచుకున్న డబ్బుతో కొని తెచ్చిందేమో అత్తా."

అత్త ఆగి నా మొహం చూసింది. సింహాచలం ఇంటి వైపు తిరిగింది.

సింహాచలం సొంతంగా కొనుక్కున్న జంతికల గొట్టం మేకుకు వేలాడుతోంది. దాని మీద నూనె మరక ఎండిపోయి ఉంది. అప్పన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గౌరి గుమ్మంలో పుస్తకం పెట్టుకుని ఉంది కానీ చదవడం లేదు. మూలన రెండు సిమెంటు సంచుల్లో గిన్నెలు, బట్టలు కుక్కి తాడు కట్టి ఉన్నాయి.

"మూటలేటే?" అంది అత్త.

"ఊరెల్దామనమ్మా."

"ఏ ఊరు?"

సింహాచలం చీపురు తీసుకుని, ఊడ్చి ఉన్న నేలనే మళ్లీ ఊడుస్తూ చెప్పింది. "సెన్నై. వొచ్చే సోమారం రైలు. మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకున్నాను. తుపాను వారమే తీసుకున్నాను."

"నాతో ఒక్క మాట సెప్పకూడదేటి?"

"ఏటని సెప్పమంటారు? అందరి ముందూ తవ్వ పెట్టి కొలుత్తారు గదా. నాది తగ్గితే ఆ నలుగురూ కట్టాల. పైడమ్మ కోళ్లన్నీ వానకి సచ్చిపోనాయి, అదెక్కణ్ణించి తెత్తాది? మేస్త్రీ అప్పైతే నానొక్కదాన్నే. ఒళ్లొంచి తీర్సుకుంటాను. ఎవుల మొకమూ సూడక్కర్లేదు."

"పైడమ్మ మరి ఎలగ తెచ్చింది?"

సింహాచలం చీపురు ఆపింది. "నా బియ్యంలోయే దానికీ కొన్ని ఇచ్చినాను."

నేను గుమ్మం బయటే నిలబడి ఉన్నాను. అత్త నా వైపు చూస్తుందని భయపడ్డాను. చూడలేదు. గౌరి పక్కన కూర్చుని పుస్తకం తీసుకుని, "ఏ పాఠం కాడున్నావే?" అంది.

"ఆరో పాఠం నర్సమ్మ గారూ."

"పరీక్షలు మార్చిలోనా?"

గౌరి తల్లి వైపు చూసింది. సింహాచలం అంది: "ముగ్గురి మీదా ఇచ్చినాడమ్మా. మా గుంట గౌరి వంట సేత్తాది, ఇసక అందిత్తాది అని సెప్పి ఇచ్చినాడు."

మేస్త్రీ చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రమే మేమిద్దరం వాళ్లింటికి వెళితే కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. "నానేటి దొంగనా నర్సమ్మ గారూ? నానూ పైనోడి కాడ తెచ్చి ఇచ్చిందే. మొగుడూ పెళ్లాం రాక తప్పదు. గుంట వంతు నాలుగు వేలు కట్టీండి, గుంటనొదిలేత్తాను. మీ దగ్గర వడ్డీ తీసుకోను" అన్నాడు. అత్త పెన్షను అప్పటికే తుపాన్లో లేచిపోయిన వంటింటి రేకులకు అయిపోయింది. వారం రోజులు ఆవిడ మామూలుగానే ఉంది. అంబలి కాచింది, నర్సు సంచీ ఎండలో పెట్టింది, పూటకొక పిడికెడు తీసి నన్ను అటు తిరగమంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అత్త లేచి నిలబడింది. అప్పులిచ్చే పని మొదలయ్యాక గంప వేలం ఆగిపోయింది కదా, ఆ రోజు మళ్లీ పాటకు పెడతామని చెప్పింది. "ఎందుకో అడగొద్దు" అంది. అడగక్కర్లేదు. నలభై ఇళ్లలో తెలియని ఇల్లు లేదు. కబురందిన సూరిబాబు గేటు లోపలికి వచ్చి తన మామూలు ధర పాడాడు. ముందు వరుసలోంచి దేవదానం గొంతు వినిపించింది.

"అయిదొందలు."

సూరిబాబు తిరిగి చూశాడు. "ఏటండీ దేవదానం గారూ, గంపలో బియ్యమేనా, బంగారమేటైనా ఉన్నాదా?"

"నీకెందుకోయ్. పాడితే పాడు."

దేవదానం డబ్బు కట్టి, గంప మీద చెయ్యి వేసి, "ప్రభువుకే" అన్నాడు. మళ్లీ పాట. రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే కుటుంబం పాడింది, ఇచ్చేసింది. పాస్టరమ్మ గారు కొంగు ముడి విప్పి పాడింది. ఇద్దరు టీచర్లు కలిసి పాడారు. కూలికి వెళ్లే ముగ్గురు ఆడవాళ్లు గుసగుసలాడుకుని వంద రూపాయలు పాడారు. వాళ్ల మీద ఎవరూ ఎక్కువ పాడలేదు, గంప వాళ్లకే కొట్టేశారు. మళ్లీ దేవదానమే లేచాడు. అత్త అంది: "సాల్లే బావా, ఇంటికెళ్తే అక్క కర్రుచ్చుకుంటాది."

"మీయక్క ఇచ్చిన డబ్బే ఇది. నీకొక్కదానికేనేటి బుద్ధుండేది?"

ఆ గంప ఏడుసార్లు అమ్ముడుపోయింది. ఏడోసారి సూరిబాబు, బుర్ర గోక్కుని, జీవితంలో ఎప్పుడూ పాడని ధర ఒకటి పాడాడు. గంప ఆయనకు కొట్టగానే అందరూ ఆయన చేతి వైపు చూశారు. ఆయన గంప ఎత్తి మోపెడ్ మీద పెట్టుకున్నాడు. "అలగ సూడకండి బావూ. నాను వ్యాపారస్తుణ్ణి. డబ్బు కట్టినాను, బియ్యం అట్టుకెల్తాను" అన్నాడు. చర్చి అంతా నవ్వింది. నాలుగు వేలు దాటాయి.

నేను పాడలేదు. నా దగ్గర ఉన్న డబ్బు ప్రాజెక్టు టైపింగుకూ బైండింగుకూ దాచుకున్నది.

సోమవారం అప్పన్ననూ సింహాచలాన్నీ రైలెక్కించడానికి అత్తా, గౌరీ, నేనూ స్టేషన్‌కు వెళ్లాం. సింహాచలం ఏడుపు ఆపుకోవడానికి ప్లాట్‌ఫారం మీద ఎవరో అమ్ముతున్న జంతిక ఒకటి కొని కొరికింది. "నూనె మాడిపోనాది. ఇదీ అమ్మకమేటి?" అంది. రైలు కదలబోయే ముందు సంచీలోంచి గొట్టం తీసి అత్త చేతిలో పెట్టింది. "తుప్పట్టనీకండమ్మా." గౌరి మా ఇంట్లో నా మంచం పక్కన చాప మీద ఉండి చదువుకుని పరీక్షలు రాసింది. వాళ్లమ్మ వానలకు ముందే తిరిగొచ్చింది. అప్పటికి అత్త వారానికోసారి నర్సు సంచీతో పాటు ఆ గొట్టాన్ని కూడా ఎండలో పెట్టి నూనె గుడ్డతో తుడిచేది.

తవ్వ వంటింట్లోకి వచ్చేసింది. ఆడవాళ్లు మళ్లీ దుప్పటి కిందే పోశారు. ఎంత తిరిగివచ్చిందో ఎవరికీ తెలియదు. గంప మాత్రం ఖాళీ అయిన వారం లేదు. నా ప్రాజెక్టు ఫిబ్రవరిలో ఇచ్చాను. ఒక్క గింజ బాకీ లేదన్న వాక్యం అందులో ఉంది. తీసేయడానికి రెండు రాత్రులు ప్రయత్నించాను. తీసేస్తే ఆ అధ్యాయం మొత్తం కూలిపోతుంది, మళ్లీ రాయడానికి టైము లేదు, మాస్టారికి ఏం చెప్పాలో తెలియలేదు. మంచి మార్కులు వచ్చాయి. అత్త ఒక్కసారి అడిగింది: "రాసేసినావా?" రాశానన్నాను. ఏం రాశావని అడగలేదు. మునగాకు ఒలుస్తూ ఉంది. అప్పుడు ఆవిడకు తెలియదనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఇప్పుడు నేను చేసేది కూడా ఆ పనే. మహిళా సంఘాలకు అప్పులిచ్చే చోట ఉద్యోగం. వడ్డీ ఆ రోజుల కన్నా తక్కువ, అప్పు దొరకడం తేలిక. వేలిముద్ర వేస్తే ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో క్షణంలో ఫోనులో కనిపిస్తుంది. గుంపులో అందరికీ కనిపిస్తుంది. దీన్ని నేను తిట్టను. దీని వల్ల నిలబడిన ఇళ్లు నాకు తెలుసు. సింహాచలమే బ్యాంకు అప్పుతో పెద్ద పొయ్యి, కరెంటు గొట్టం కొని, ఇప్పుడు ఆరుగురికి పని ఇస్తోంది. కోటబొమ్మాళి దాకా కొట్లకు పొట్లాలు వెళతాయి. గౌరి శ్రీకాకుళంలో ఒక ల్యాబులో పని చేస్తోంది. ఇడ్లీల తోడికోడళ్లు పక్కా ఇల్లు కట్టుకున్నారు. పైడమ్మ మాత్రం చెన్నై వెళ్లి అక్కడే ఉండిపోయింది. మిఠాయి ఆమె రెండు అప్పుల మధ్య ఇప్పటికీ ఈదుతోంది. బియ్యం అందరికీ ఒకేలా ఇచ్చాం, అందరికీ ఒకేలా పట్టలేదు. మా ఆఫీసులో నాకొక చెడ్డపేరు ఉంది. తుపాను నెలలో ఏ సంఘమైనా నూటికి నూరు కట్టేస్తే అందరూ సంతోషిస్తారు, నేను ఫోన్ చేసి ఎక్కడ నుంచి తెచ్చారమ్మా అని అడుగుతాను. మేడమ్‌కు అనుమానం ఎక్కువ అంటారు. అననీ.

శనివారం సాయంత్రం సింహాచలం వచ్చింది. మూడు రోజులూ ఇరుగుపొరుగు వాళ్లే అన్నం తెచ్చారు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగిస్తానని నేను చెప్పాను. ఆమె గడపలోనే కాసేపు ఆగి, మేకుకున్న నర్సు సంచీ చూసి, వంటింట్లోకి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. చేతులకు వాము వాసన. కుండ చూపించాను.

"ఇవి అత్తవి. ఇలాగే ఉంచుకుందామనుకుంటున్నాను సింహాచలం."

ఆమె తొంగి చూడకుండానే మూత సరిగ్గా పెట్టింది. "ఉంచుకోడానికేటి సుగుణమ్మా, బియ్యం. పురుగట్టేత్తాది. రేపు ఆదివారం గదా." తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "సంచీ ఉన్నాదా, కుట్టాలా?" అంది.

తెల్ల గుడ్డసంచీ తలుపు వెనక మేకుకు ఉంది. ఉతికి, మడత పెట్టి ఉంది.

డబ్బాలోంచి ఇద్దరికీ సరిపడా తవ్వతో బియ్యం కొలిచి గిన్నెలో పోశాను. నీళ్లు పట్టబోయి ఆగాను. రెండేళ్లు ఆ ఇంట్లో తిన్నాను, ఆ పిడికెడు ఎప్పుడూ నేను తీయలేదు. గిన్నెలో చెయ్యి పెట్టాను. నా పిడికిలి అత్తదాని కన్నా చిన్నదో పెద్దదో నాకు తెలియదు, ఆవిడది నేనెప్పుడూ చూడలేదు.

పక్కన చప్పుడైతే తల ఎత్తాను. నేనేమీ అనకముందే సింహాచలం కిటికీ వైపు తిరిగి, మునగచెట్టును చూస్తూ నిలబడి ఉంది.